విడుపు గది

ఆ పూట అర్థశాలలో గంగామణి పలక తెర మీదికి వచ్చిన ఇంగ్లీషు క్రియ 'కండోల్'. దాన్ని సరిగా చదివేలోపే ఆమె మెడకున్న పట్టీ వణికింది, గది తలుపు సగం మూసుకుంది. కారణం పెద్దదేమీ కాదు. పొద్దున సర్వపిండి హడావుడిగా తిని వచ్చింది, ఎక్కిళ్లు పట్టాయి. మంచినీళ్లు తాగి, చిన్నప్పుడు నేర్పినట్టు ముక్కుతో నెమ్మదిగా తీసుకుని నోటితో నెమ్మదిగా వదిలింది. ఊపిరి సమమైంది. తలుపు మళ్లీ తెరుచుకుంది. గదిలో మిగతావాళ్లు తలలైనా ఎత్తలేదు. లోతూరులో ఎక్కిళ్లకు తలుపులు మూసుకోవడం తుమ్ముకు చిరంజీవ అన్నంత మామూలు సంగతి.

లోతూరు ఒకప్పుడు గోదావరి పక్కన బొగ్గు బాయి. పైన పగటి ఎండకు మనిషి నిలవలేని రోజులు వచ్చాక, జనం ఆ బాయి సొరంగాల్లోకే దిగి కాపురాలు పెట్టారు. దిగిన కొత్తలో ఒకసారి దీపాలు ఆరిపోయాయి. ఎవరో భయపడి అరిచారు, ఆ భయం పక్కవాళ్లకు అంటుకుంది, అందరూ ఒకే సొరంగంలోకి తోసుకున్నారు. గాలి చాలక పోయినవాళ్లకంటే కాళ్ల కింద పడి పోయినవాళ్లే ఎక్కువ. అందుకే ఊపిరికాపు అనే యంత్రాన్ని తెచ్చారు. ప్రతి మెడకూ ఒక పట్టీ, ప్రతి తలుపుకూ ఒక చెవి. ఎక్కడ ఊపిరి తప్పితే అక్కడి తలుపు మూసుకుంటుంది, భయం అక్కడే ఆగిపోతుంది. దాని మేలు మరిచిపోతే పాపం తగులుతుంది. అది వచ్చాక భయానికి ఒక్క ప్రాణం కూడా పోలేదు. పోయిందల్లా గొంతెత్తి ఏడవడం. పిల్లలకు అక్షరాలకంటే ముందు సమశ్వాస నేర్పుతారు.

అయితే సమశ్వాస నేర్చినంత మాత్రాన మనుషులు చావడం మానరు కదా. అందుకని విడుపు గది అని ఒకటి కట్టారు. దాని గాలి వేరు, గోడలు మందం. దుఃఖంతో ఊపిరి తప్పినవాళ్లు అక్కడికి వెళ్లి ఏడ్చుకోవాలి. ఏడుపు వినిపించి, ఆ తరవాత ఊపిరి సమమైతే తలుపు తెరుచుకుంటుంది. అసలు దుఃఖమే లేదని తేలినా తెరుచుకుంటుంది.

ఊపిరికాపును చేసినవాళ్లు దానికి ఇంగ్లీషులో బుద్ధి నేర్పారు. ఏది ఏడుపు, ఏది పరామర్శ, ఏది భయం అన్నది అది మాటల అర్థాలను బట్టి తేల్చుకుంటుంది. ఆ అర్థాలను తెలుగులో రాసి, అప్పుడప్పుడూ సరిచూసి పంపడం అర్థశాల పని.

గంగామణి 'కండోల్' పుట్టుక చదివి, పలక పట్టుకుని బుచ్చిరాములు సారు దగ్గరికి వెళ్లింది. అర్థశాలకు ఆయనే పెద్ద.

"సార్, ఈ మాట లాటిన్‌లకెల్లి వచ్చిందట. 'కాన్' అంటే కూడి. 'డొలేరే' అంటే నొప్పి పడుడు. ఇద్దరు కూడి నొప్పి పడుడన్నట్టు. మన దగ్గర 'దుఃఖంలో ఉన్నవారికి మర్యాదగా సానుభూతి తెలుపు' అని ఉన్నది. ఇండ్ల చెప్పెటోళ్లకు నొప్పి ఉన్నట్టే లేదు."

"ఇప్పుడు ఇంగ్లీషోళ్లు గూడ గట్లనే వాడుతరు గదమ్మా."

"వాడుతరు సార్. పుట్టుక గూడ ఒక వాక్యం రాస్తే..."

"తలుపుకు తాతముత్తాతల ముచ్చటెందుకు గంగామణీ?" అని ఆయన నవ్వాడు. "పరామర్శకు వచ్చినోళ్లు లోపటికి పోతరు, నాలుగు మంచి మాటలు చెప్తరు, బయటికొస్తరు. దానికి గంత తెలిస్తే సాలు."

బుచ్చిరాములు చెడ్డవాడు కాదు. పరామర్శలకు వెళ్లినప్పుడల్లా చాయ్ చల్లారకముందే బయటికి వచ్చే మనిషి, అంతే. గంగామణికి ఆ మాట మింగుడు పడలేదు గానీ వాదించే ఓపిక లేదు. వారం నుంచి తల్లి లసుమవ్వ వైద్యశాలలో ఉంది. మనసంతా అక్కడే. పాత అర్థాన్నే ఉంచి 'సరి' అని పంపేసింది.

మధ్యాహ్నం కాకముందే మెడపట్టీలో అన్న సదయ్య గొంతు వినిపించింది.

"చెల్లే, ఊపిరి పట్టుకో. పట్టుకున్నవా? అవ్వ పోయింది. పొద్దుగూకంగ లిఫ్టుకు తీస్తరు. నువ్వు గట్ల గిట్ల గాకు, మెల్లగ రా."

ముందు ఊపిరి పట్టుకోమని, తరవాత తల్లి పోయిందని చెప్పడం లోతూరు పద్ధతి. గంగామణి పట్టుకుంది. నెమ్మదిగా లేచింది, పలక పక్కన పెట్టింది, చెప్పులు వేసుకుంది. సందులోకి అడుగు పెట్టాక ఊపిరి రొమ్ములో ఎక్కడో అడ్డం పడింది. ఏడుపు కాదు. లోపలికీ పోక, బయటికీ రాక నిలిచిపోయింది. పట్టీ వణికింది. వెనక తలుపు మూసుకుంది, ముందు తలుపు తెరుచుకుంది. ఆమె నడిచిన కొద్దీ అలాగే జరిగింది. వైద్యశాలకు తిరిగే మలుపు దగ్గర ఆగి, అటు తలుపును చేత్తో తోసింది, అరచేత్తో కొట్టింది. అది కదల్లేదు. తెరిచి ఉన్న తలుపులన్నీ కలిపి ఒకే దారి, ఆ దారి చివర విడుపు గది.

గది వాకిట్లో కాపలా ఉండే మొగిలి ఆమెను చూసి లేచాడు. నెమ్మదస్తుడు. ఎన్నో దుఃఖాలను గాజు కిటికీలోంచి చూసినవాడు.

"లోపటికి పో బిడ్డా. మనసు తీర ఏడ్సి రా. పొద్దుగూకెటందుకు ఇంక మస్తు టైముంది."

"మొగిలన్నా, నాకు ఏడుపస్తలేదే. నన్ను మా అవ్వ కాడికి పోనీయరాదు?"

"నా చేతుల ఏమున్నది బిడ్డా?"

అతని చేతుల్లో నిజంగానే ఏమీ లేదు. తలుపు మూసుకుంది.

లోపల ఒక చాప, ఒక నీళ్ల కూజా. పైకప్పులో అద్దాల గొట్టం ఒకటి, భూమ్మీది వెలుతురును కిందికి దింపేది. చాప మీద తెల్లటి ఎండ మరక పడి ఉంది. శవాన్ని అందరి గాలిలో ఉంచకూడదు గనక లోతూరులో ఏ చావైనా పొద్దుగూకేసరికి పైకి వెళ్లాలి. ఏటి ఒడ్డున దహనం చేసే పనివాళ్లు పైనే ఉంటారు. ఇంటివాళ్లకు లిఫ్టు దగ్గరే కడచూపు. ఆ మరక ఎర్రబడి ఆరిపోయేలోగా గంగామణి బయటపడకపోతే, తల్లి ముఖం ఇక చూడలేదు.

"గంగామణి గారూ," అంది ఊపిరికాపు, నింపాదిగా. "మీ మాతృవియోగానికి విచారిస్తున్నాము. మీ దుఃఖాన్ని ధ్వనిరూపంలో వ్యక్తపరచండి."

"మా అవ్వ చచ్చిపోయింది. నాకు దుఃఖంగ ఉన్నది."

"వాక్యం అందింది. ధ్వని అందలేదు."

ఆమె సిగ్గు విడిచి, కళ్లు మూసుకుని, ఏడుపు ఎలా ఉంటుందని తనకు తెలుసో అలా గొంతు చేసింది.

"ఇది అనుకరణ. దయచేసి మళ్లీ ప్రయత్నించండి."

పోనీ, ఊపిరి సమం చేసుకుని దుఃఖమే లేదని ఒప్పిద్దామనుకుంది. నాలుగు సార్లు బాగానే వచ్చేది, అయిదోసారి మళ్లీ అక్కడే అడ్డం పడేది. ఏడుపు వస్తే తలుపు తెరుచుకుంటుంది, రాలేదు. ఊపిరి కుదిరినా తెరుచుకుంటుంది, కుదరలేదు. ఈ రెండింటి మధ్యా ఆమె ఇరుక్కుంది. లేచి గోడ వెంట నడిచింది, మళ్లీ కూచుంది, మళ్లీ లేచింది.

తల్లిని తలుచుకుంటే ఏడుపు వస్తుందేమోనని తలుచుకుంది. లసుమవ్వ నిద్రలో మాట్లాడేది. చారులో ఉప్పు ఎక్కువ వేసేది. తన వంతు స్నానం నీళ్లు కూతురి తలకు పోసి, తాను తడిగుడ్డతో తుడుచుకునేది. అన్నీ గుర్తొచ్చాయి, ఒక్కటీ కంటి దాకా రాలేదు. అవ్వ మీద తనకు ప్రేమ లేదేమో అన్న అనుమానం అప్పుడు పుట్టింది. తలుపు మూసుకున్నప్పుడు కూడా అంత భయం వేయలేదు.

చాప మీది మరక పసుపురంగుకు తిరిగింది. కిటికీ అవతల మొగిలి వేలితో గాజు మీద తట్టాడు.

"ఓదెమ్మవ్వ వచ్చింది, పరామర్శకు. గది గాలి ఒక్కలకే సరిపోతది. జరంతసేపే ఉండాలె."

ఓదెమ్మ గంగామణి వాళ్ల పక్కింటి ముసలామె. ఊరి వంటశాలలో రొట్టెల పిండి కలుపుతుంది. పైన ఇళ్లు ఉన్న కాలంలో పుట్టి, పడుచు వయసులో లసుమవ్వతో కలిసి కిందికి దిగిన మనిషి. మోకాళ్లు పట్టుకుని లోపలికి వచ్చింది.

"పరామర్శకురాలు సానుభూతి తెలుపవచ్చు," అంది ఊపిరికాపు.

ఓదెమ్మ పైకప్పు వైపు కొరకొరా చూసింది. "ఏంది, గిది నాకు మాటలు నేర్పుతదా?"

చాప మీద చతికిలబడి, చెయ్యి చాపి గంగామణి మెడ చుట్టూ వేసింది. గంగామణి కొయ్యబారిపోయింది. పట్టీ ఉండే చోటు గనక లోతూరులో ఎవరూ ఎవరి మెడా ముట్టరు. మొగుడూ పెళ్లాలు కూడా అడిగి ముడతారు.

"పెద్దమ్మా, నాకు ఏడుపస్తలేదే. నేను రాయి లెక్క అయిన."

"ఒక్కదానికి ఎట్లొస్తదే పిచ్చిదానా? మేం బాయి మీదున్నప్పుడు సావుకు పోతే మెడ పట్టుకొనే ఏడుస్తుంటిమి. ఒకలు ఎత్తాలె, ఇంకొకలు అందుకోవాలె. గోడలను జూస్కుంట ఎవలన్న ఏడుస్తరా?"

ఆ మాట అంటూనే ఓదెమ్మ గొంతు మారింది. ముందు ముక్కులో సన్నగా మొదలై, తరవాత సాగి, ఒక రాగంలో పడింది.

"ఓ లసుమా... నా తోడబుట్టని చెల్లే లసుమా... లెవ్వవేందే లసుమా... నా ఇత్తడి చెంబు కొంచవోతివి, ఇయ్యకుంటనే పోతివి గదనే... చెంబు పోతే పోయింది గని, తెచ్చిచ్చెటందుకన్న నువ్వు రాకపోతివి గదనే లసుమా..."

ఆ చెంబు గంగామణికి తెలుసు. అది తన పుట్టింటి నుంచి తెచ్చుకున్నదని లసుమవ్వ చచ్చేదాకా బుకాయించింది. చచ్చినదాని మీద ఈ తగాదా ఏమిటని గంగామణికి నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వింది.

"హాస్యధ్వని," అంది ఊపిరికాపు.

ఆ నవ్వు రొమ్ములో అడ్డం పడ్డ చోటికి వెళ్లి తగిలింది. అక్కడ ఏదో తెగింది. ఆమె నోరు తెరుచుకుంది, అందులోంచి ఆమె ఎన్నడూ వినని గొంతు వచ్చింది.

"అవ్వా... నా తలకు నీళ్లు ఎవలు పోస్తరే అవ్వా... నీ నీళ్లన్ని నాకే పోస్తివి, నువ్వు తడిగుడ్డతోని తుడ్సుకుంటివి గదనే అవ్వా... నిన్ను కడుగంగ జూడకపోతి గదనే..."

రాగం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఓదెమ్మ ఎత్తితే గంగామణి అందుకుంది, గంగామణి ఎత్తితే ఓదెమ్మ అందుకుంది. ముసలామె భుజం మీద చీర తడిసిపోయింది. అవ్వ మీద తనకు ఎంత ప్రేమ ఉందో గంగామణికి అప్పుడు తెలిసింది. తెలిసినందుకు ఇంకా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, చివరికి దీర్ఘంగా ఒక ఊపిరి తీసుకుంది. అది ఎక్కడా తగలకుండా లోపలికి వెళ్లి బయటికి వచ్చింది.

"దుఃఖం వ్యక్తమైంది. సమశ్వాస నమోదైంది. గంగామణి గారికి విడుపు మంజూరైంది."

తలుపు తెరుచుకుంది. చాప మీది మరక ఎర్రగా ఉంది గానీ ఇంకా ఆరలేదు. పరుగెత్తితే లిఫ్టు అందుతుంది. గంగామణి లేవబోయింది.

మెడ మీది చెయ్యి వదల్లేదు. ఓదెమ్మ ఇంకా ఏడుస్తూనే ఉంది. అయితే ఇప్పుడు ఆమె నోట లసుమ పేరు లేదు.

"ఓ నా బిడ్డా... నా చిట్టి బిడ్డా... జరం నిన్ను తీస్కపోయిన నాడు నేను పిండి పిసుక్కుంట నిలవడితి గదనే బిడ్డా... కొత్త పట్టీ మెడకు ఏస్తిరి, నోరు ఇప్పనియ్యకపోతిరి... పది మందికి రొట్టెలు జేసి పెడితి గని నీకోసం ఒక్క శోకం పెట్టకపోతి గదనే బిడ్డా..."

గంగామణి నిర్ఘాంతపోయింది. ఓదెమ్మకు ఒక కూతురు ఉండేదన్న సంగతి లసుమవ్వ ఎన్నడూ చెప్పలేదు, ఆ వాడలో ఇంకెవరికీ తెలియదు.

"పరామర్శకురాలి గొంతులో దుఃఖధ్వని," అంది ఊపిరికాపు. "ఇది పరామర్శ కాదు. కొత్త దుఃఖంగా నమోదు చేస్తున్నాము. మృతుల పేరు తెలపండి."

ఓదెమ్మ బిడ్డను పిలుచుకుంటూ ఏడుస్తూనే ఉంది.

"మృతుల పేరు తెలపండి. నేటి మరణాలలో మీకు సంబంధించినది లేదు. మరణం లేని దుఃఖానికి విడుపు లేదు."

గంగామణికి పొద్దుటి 'కండోల్' గుర్తొచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్లకు నొప్పి ఉండదని ఈ తలుపుకు చెప్పింది ఎవరు? పొద్దున తానే 'సరి' అంది. నొప్పి ఉంటే పరామర్శ కాదు, పరామర్శ కాకపోతే ఒక చావు చూపించాలి. ఓదెమ్మ బిడ్డ చావు పట్టీలు కొత్తగా వచ్చిన రోజులది, ఊపిరికాపు చావుల లెక్క రాయడం మొదలు కాకముందుది.

"బిడ్డా, రా! జల్ది రా!" వాకిట్లోంచి మొగిలి పిలిచాడు. "లిఫ్టు కాడికి తీస్కపోతున్రు. ఈ తలుపు మళ్ల మూస్కుంటది."

"పెద్దమ్మనో?"

మొగిలి తల దించుకున్నాడు. "పాత సావులు దానికి ఎరుకలెవ్వు. రేపు పెద్దలకు చెప్పి ఎట్లనో తీపిస్త. అప్పటిదాంక ఆమె ఒక్కతే ఉండాలె."

గంగామణి గడప దాకా వెళ్లింది. మెడపట్టీలో సదయ్య గొంతు వచ్చింది. "చెల్లే, ఏడున్నవ్? అవ్వను లిఫ్టుల పెడుతున్రు. ఉరికిరా."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. చూడకుండా వెళ్లి ఉంటే వెళ్లగలిగేదేమో. ఓదెమ్మ కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంటోంది. ఏడుపు ఆపి, తన వల్ల ఈ పిల్లకు కడచూపు తప్పకుండా చేయాలని చూస్తోంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక చేత్తో గుడ్డను అదిమి, రెండో చేత్తో పో, పో అని సైగ చేసింది.

అంత కోపం గంగామణికి పుట్టి బుద్ధెరిగాక రాలేదు. ఎవరి మీదో తెలియదు. యంత్రం మీద, బుచ్చిరాములు సారు మీద, తన మీద, ఆ గుడ్డ మీద.

"అన్నా," అంది పట్టీలోకి. "నేను వస్తలేను."

"ఏమంటున్నవే? మళ్ల కానస్తదా అవ్వ?"

"కానరాదు. నువ్వు అవ్వ మొఖం మంచిగ చూడు. నా దిక్కుకెల్లి గూడ చూడు. ఎంట్రుకలు మొఖం మీద పడుడు ఆమెకు నచ్చది, ఎనుకకు దువ్వు."

"సరె," అన్నాడు సదయ్య. అతని ఊపిరి తప్పబోవడం, అతను దాన్ని గట్టిగా పట్టుకోవడం ఆమెకు వినిపించింది.

గంగామణి గడప దగ్గరి నుంచి వెనక్కి వచ్చి చాప మీద కూచుంది. తలుపు కాసేపు తెరిచే ఉండి, ఆ తరవాత మూసుకుంది.

"గంగామణి గారూ, మీకు విడుపు లభించింది. మీరు లోపల ఉన్నారు. కారణం తెలపండి."

గంగామణి చెయ్యి చాపింది. ఓదెమ్మ నోట్లోంచి కొంగు మెల్లగా లాగింది. అది తడిసి ముద్దయింది. గదిలో అప్పటికే గాలి బరువెక్కుతోంది. గోడ అవతల ఏదో ఇనుము కిర్రుమంది. మొగిలి, ఎవరి అనుమతీ అడగకుండా, లోపలికి గాలి తోసే పాతకాలపు చక్రాన్ని చేత్తో తిప్పుతున్నాడు. చాప మీది వెలుతురు ఆరిపోయింది. ఎక్కడో లిఫ్టు కదిలిన చప్పుడు రాళ్ల గుండా వచ్చింది. అది పైకి పోయి పోయి వినపడకుండా పోయేదాకా గంగామణి కళ్లు మూసుకుని విన్నది.

తరవాత ఓదెమ్మ మెడ చుట్టూ, పట్టీ మీదుగా, చెయ్యి వేసింది.

"నా పాపాన పోను, నిన్ను ఆగం జేస్తి గదనే బిడ్డా," అంది ఓదెమ్మ. "నీ అవ్వను జూడకుంట జేస్తి."

"మా అవ్వ ఎట్లుంటదో నాకెరుకనే పెద్దమ్మా. నీ బిడ్డ ఎట్లుండె?"

ఓదెమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఆ ప్రశ్న తననే అడిగారా అని అనుమానం వచ్చినట్టు ఇంకాసేపు చూసింది.

"నల్లగుండె," అంది. "బొద్దుగుండె. నత్తి ఉండె దానికి, అవ్వా అనరాకపోతుండె. అబ్బా, అబ్బా అనుకుంట నా ఎంటవడుతుండె. పిండి ముద్ద ఇస్తే కోడిపిల్లను జేసి, కాలుస్తే తింట అని ఏడుస్తుండె. ఆనాడు నేను కాల్వలే, పనున్నదని..."

అంతే చెప్పగలిగింది. గంగామణి ఆమెను గట్టిగా పట్టుకుంది, ఇద్దరూ గొంతెత్తి ఏడ్చారు. ఊపిరికాపు కారణం అడుగుతూనే ఉంది.